సంతకం లేని ఫైలు

"ఇదేం ఫైలు?" ఆమె భర్త కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి అడిగింది.

మరిది ముందుకు వంగి చూశాడు. "సిస్టమ్ ఫైళ్ల మధ్యలో ఉంది కానీ సిస్టమ్‌ది కాదు వదినా."

"ఎలా చెప్తున్నావ్?"

"అన్నయ్య చెప్పేవాడుగా. కొత్త ఫైలు కనిపిస్తే ఎవరు చేశారో, ఎప్పుడొచ్చిందో చూడమని. దీనికి చేసినవాళ్ల సంతకం, అంటే కంపెనీ డిజిటల్ ముద్ర, లేదు. వచ్చిందేమో..."

ఆగిపోయాడు.

"చెప్పు."

"అన్నయ్య పోయిన రోజు. సాయంత్రం."



ఆ సాయంత్రం తను ఆసుపత్రి వరండాలో కాగితాల మీద సంతకాలు పెడుతోంది. సరిగ్గా అప్పుడే ఎవడో ఆయన కంప్యూటర్‌లోకి దూరాడు.

అసలే ఆమెకు లోకం మీద కోపం. స్నానం చేసి వస్తానని తను ఇంటికి రాగానే కన్నుమూసిన భర్త మీద ఇంకా కోపం. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లదీ ఒకే ప్రశ్న: చివర్లో ఏమైనా చెప్పారా?

ఒక్క మాటయినా చెప్పకుండా వెళ్లిపోయారు.

"తీసి పారెయ్," అంది.

"తొందరపడొద్దు. వైరస్సేమో, తెరవకుండా పేరు మార్చి పక్కన పెడదాం. అవసరమైనవాళ్లుంటే వాళ్లే గోల పెడతారు. అన్నయ్య అలాగే చేసేవాడు."

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక ముసలాయన. మణికట్టు మీద ప్లాస్టర్ ముక్క, నోటికి అడ్డంగా జేబురుమాలు. దగ్గు ఆగడం లేదు.

"అమ్మా, సారు కంప్యూటర్‌లో ఒక ఫైలు తప్పు చోట పడింది."

"మా ఆయన కంప్యూటర్‌లో ఏముందో మీకెలా తెలుసు?"

"నేనే పెట్టానమ్మా. నాకంతగా చేతకాదు, అందుకని..."

"నువ్వేనా!" ఆమె గొంతు వీధిలోకి వినిపించింది. "పీనుగ లేవకముందే ఇంట్లో దూరావన్నమాట. నీకంటే రాబందులు నయం!"

"అది కాదు తల్లీ. సారే పాస్‌వర్డ్ చెప్పి..."

"మంచాన పడ్డ మనిషి దగ్గర అది కూడా లాగావా?"

"వదినా, ఆయన చెప్పేదేదో విందాం."

"నువ్వూరుకో!"

ఆమె విసురుగా వెళ్లి ఫైలు చెరిపేసింది. మళ్లీ తిరిగి రాకుండా, కంప్యూటర్ చెత్తబుట్టలోంచి కూడా ఊడ్చేసింది.

"నీ ఫైలు బూడిదైంది. ఇక దయచెయ్."

ముసలాయన గోడ పట్టుకున్నాడు. చాలాసేపు దగ్గాడు.

"పోనీ, ఒక్క మాట చెప్పి పోతానమ్మా."

"ఒక్క మాట కూడా వద్దు."

తలుపు మూసుకుంది.

తర్వాతి వారం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, భర్త కళ్లజోడు వార్డులో ఉండిపోయిందని. ఆమె వెళ్లింది.

నర్సు కళ్లజోడు చేతిలో పెడుతూ అడిగింది. "సారు గొంతు విన్నారా అమ్మా?"

"ఏ గొంతు?"

"మీరు ఇంటికెళ్లాక సారుకు ఆయాసం ఎక్కువైందట. పరదా అవతలి మంచం తాతను పిలిచి, తన ఫోన్ పట్టుకుని గొంతు రికార్డు చెయ్యమన్నారట. చెప్పిందంతా మీకేనట. నేను పోయాక ఇంటి కంప్యూటర్‌కు పంపించు తాతా అని, ఎలా పంపాలో కూడా చెప్పారట."

ఆమె కళ్లజోడు మడత విప్పి, మళ్లీ మూసింది.

"తాతకు ఫోన్ ఎత్తడం తప్ప ఏం తెలుసు? పంపడమైతే పంపాడు, ఎక్కడో పడేశాడు. సారు ఫోనేమో ఆఫీసుది. వాళ్లు తీసుకెళ్లి అంతా తుడిచేశారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ నిద్రపోలేదు పాపం. డాక్టర్ వద్దంటున్నా వినకుండా మీ ఇంటికొచ్చాడు కదా?"

ఆ దగ్గు. పరదా అవతల దగ్గు వినబడినప్పుడల్లా తను విసుక్కునేది. మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"ఆయన... ఇప్పుడెక్కడ?"

నర్సు తల దించుకుంది. "మీ ఇంటి నుంచి వచ్చాక మళ్లీ లేవలేదమ్మా. నిన్న పొద్దున పోయాడు."

ఆమె పరదా పక్కకు లాగింది.

తన భర్త చివరి మాటలు విన్న ఒకే ఒక్క మనిషి పడుకున్న మంచం మీద, ఆయా కొత్త దుప్పటి పరుస్తోంది.