రెండో చామరం

“అదుగో, కళ్లెదురుగా కనబడుతూనే ఉందిగా! చెయ్యి పెట్టి తీసుకోలేవటే?” అంది ఫెతూ మామ్మ.

తెలేసియా కిటికీ అద్దపు పలకల సందులోంచి మరోసారి చూసింది. తాళం వేసిన గదిలో, తోటి ఉద్యోగి పెనితోవా బల్ల మీద, కొబ్బరిపీచు చామరం దర్జాగా పడుకుని ఉంది. పక్కనే అతని కంప్యూటరు వెలుగుతోంది. సందులో దూరేది మూడు వేళ్లు. బల్ల రెండు బారల దూరంలో ఉంది.

“అందదు మామ్మా. మేనమామ పోయాడని కబురొస్తే పెనితోవా పొద్దున్నే పడవకి పరిగెత్తాడు. తాళంచెవి కూడా అతనితోనే పోయినట్టుంది.”

“ఈగలు తోలుకునే చామరానికి ఇంత గొడవా?”

గొడవే మరి. ఊళ్ల వంశావళులను పెద్దల గొంతుతోనే దాచిపెట్టడం దీవి రేవుపట్నం అపియాలోని ఆ చిన్న ఆఫీసు పని. దాచడానికి ఉన్నది ఒకటే డిస్కు. దాన్ని పంచుకునేవి రెండు కంప్యూటర్లు. డిస్కులో ఎక్కడ ఖాళీ ఉందో ఎవరి లెక్క వారిదే, ఒకటి రెండోదాన్ని అడగదు. ఒకటి చేతిలో పని ఉంచుకుని ఉండగా రెండోది రాసిందా, తర్వాత మొదటిది దాని నెత్తినే రాసేస్తుంది. కిందటేడు అలాగే ఒక ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోయింది. దాంతో ఆఫీసు పెద్ద యోసెఫో గారు ఊరి సభ పద్ధతే ఇక్కడా పెట్టారు. సభలో చామరం ఎవరి భుజాన ఉంటే వాళ్లే మాట్లాడాలి. ఇక్కడ చామరం ఎవరి బల్ల మీద ఉంటే వాళ్లే రాయాలి. అవతలి మనిషి లేకపోతే చామరం తెచ్చుకోవచ్చు, కానీ ముందు అతని కంప్యూటరు ఆపి తీరాలి.

రేపటిదాకా ఆగుదామంటే కుదరదు. ఫెతూ మామ్మ గొంతులో గడ్డ. రేపు పొద్దున ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదని డాక్టరు చెప్పేశాడు. పన్నెండున్నరకల్లా ఆస్పత్రిలో చేరాలి. ఇప్పుడే పది దాటింది. తొమ్మిది తరాల పేర్లను సభలో నిలబడి పలకగల గొంతు ఆవిడ ఊరికి అదొక్కటే మిగిలింది.

“పోనీ కాగితం మీద రాసుకోనా మామ్మా?”

“రాసుకో. పేర్లుంటాయి. ఏ పేరు దగ్గర గొంతు లేపాలో, ఎవరి దగ్గర ఆగి కళ్లు తుడుచుకోవాలో కాగితానికేం తెలుసే?”

ఆఫీసు టేపు రికార్డరు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఏడాదైంది. చేతిలో ఇమిడే ఫోన్లు ఆ దీవికింకా రాని రోజులవి. రేవుకు ఫోను చేస్తే పడవ వెళ్లి గంటయిందన్నారు. తెలేసియాకు ఏడుపు ముంచుకొచ్చింది.

“తలుపు పగలగొడదామండీ,” అంది యోసెఫో గారితో.

“ప్రభుత్వం వారి తలుపమ్మా. పగలగొట్టాలంటే పైనుంచి కాగితం రావాలి. అదొచ్చేసరికి నేను రిటైరవుతాను.”

“కరెంటు మెయిన్ ఆపేస్తే? అతని కంప్యూటరూ ఆగుతుందిగా.”

“డిస్కూ ఆగుతుంది. అది మళ్లీ లేచి కూర్చోడానికి రెండు గంటలు. అంత టైముందా మామ్మకి?”

మామ్మకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక సంచిలో చెయ్యి పెట్టి, తన చామరం బయటకు తీసింది. నలభై ఏళ్లుగా ఊరి తరఫున సభల్లో ఆవిడ భుజాన ఉన్నది.

“ఒరే యోసెఫో, మీ ఆఫీసు దానికంటే ఇది పెద్దదిరా. ఇది భుజానికెక్కితే మా సభలో నోరెత్తే మగాడు లేడు. మీ డబ్బాకి చాలదా?”

యోసెఫో గారు నవ్వబోయి ఆగిపోయారు. రెండు చేతులా దాన్ని అందుకుని తెలేసియా బల్ల మీద పెట్టారు.

“అవతలిది ఆపలేదండీ. పన్నెండు కొడితే చేతిలో మిగిలిన పనిని దానంతటదే డిస్కులోకి దించేస్తుంది,” అంది తెలేసియా.

“పెనితోవా పొద్దున అయిదు నిమిషాలైనా కూర్చున్నాడా? పనుంటే కదమ్మా దించడానికి! కానివ్వు.”

మామ్మ లేచి కంప్యూటరు మైకు ముందు నిలబడి మొదలుపెట్టింది. దగ్గు ఎటు పోయిందో పోయింది. ఒక్కో తరం పేరు పలుకుతూ, ఒక చోట గర్జించి, ఒక చోట నవ్వి, ఏడో తరం దగ్గర తుపానులో పోయిన అన్నదమ్ములిద్దరి పేర్లకు ఆగి కళ్లు తుడుచుకుంది. తెలేసియా కూడా తుడుచుకుంది. తొమ్మిదో తరం చివర మామ్మ తన పేరు చెప్పుకుని కూలబడింది. తెలేసియా కంప్యూటరు అంతా డిస్కులోకి దించేసి చేతులు ఖాళీ చేసుకుంది.

గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు. మామ్మకు గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. యోసెఫో గారు వేడి కోకో తెప్పించారు. నాలుగు గుక్కలు తాగి, మామ్మ చెవి చూపించి, వేలు ఒకటి ఎత్తింది. వెళ్లేముందు ఒక్కసారి తన గొంతు తను వినాలట.

“అయ్యో, వినిపిస్తాను మామ్మా. ఉండు.”

చర్చి గంట పన్నెండు కొట్టింది. తాళం వేసిన గదిలో కంప్యూటరు ఎర్రదీపం రెండుసార్లు మిణుకుమంది.

తెలేసియా జాబితా తెరిచింది. ఫెతూ మామ్మ పేరు లేదు. పైకీ కిందికీ వెతికింది. ఆ చోట పెనితోవా పేరు మీద, పొద్దున రాసిన చీటీ ఒకటి ఉంది. దాన్ని తెరిచింది. వెనక మామ్మ చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తోంది.

“తెలేసియా, ఈరోజు ఫెతూ మామ్మ వస్తుంది, పాపం ఆవిణ్ణి ఎదురుచూడనివ్వకు. నా గది తాళంచెవి గుమ్మం పక్క పూలకుండీ కింద పెట్టాను. ముందు నా కంప్యూటరు ఆపి, చామరం తీసుకో.”