బర్రెకు రెండో చుక్క

ప్రతి ఇంటి గోడా కోరిన చిత్రకారుల గీతలో బొమ్మను తనంతట తానే గీసుకునే రోజులవి. గోడలకు కొత్త చిత్రకారుల గీత నేర్పే ఉద్యోగం నీలవేణిది. ఆ పని మీదే ఆమె, నలభై ఏళ్లుగా బర్రెలనే గీస్తున్న సాయవ్వ ఇంటికి వచ్చింది. అవ్వ వారం రోజులు కూర్చుని ఒక బర్రెను గీసింది. అది చూసి ఆ ఇంటి గోడ చిటికెలో అలాంటిదే ఇంకోటి గీసేసింది, కొమ్ము కింద అవ్వ పెట్టిన నల్లచుక్కతో సహా.

“చుక్కను గూడ అచ్చం దించింది, చూడవ్వా!” అంది నీలవేణి.

“గోడ ఎవరి దిష్టి తగుల్తదని పెట్టింది బిడ్డా?” అని సాయవ్వ నవ్వింది. “నేనైతే గీసినంక మురిసి మురిసి చూస్త. నా దిష్టే తగుల్తదని పెడ్త.”

నీలవేణి అవ్వ గీసిన బర్రె వైపు తిరిగింది. దాని తడి వీపు మీద ఎండ మెరుస్తోంది. ఆమె ఇక చూపు తిప్పుకోలేకపోయింది.

సాయవ్వ వేలికి కాటుక అద్దుకుని, బర్రెకు ఇంకో చుక్క పెట్టింది.