తెల్వదన్న సాక్షి

నీట్ ర్యాంకు చూసుకుని కీర్తిప్రియ అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఓపెన్‌లో మెడికల్ సీటు రాదు.

"కూసో బిడ్డా," అన్నాడు తండ్రి ప్రహ్లాద్. "సీటు వచ్చే దారి ఒకటుంది. మనం చెంచులం. ఎస్టీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు."

చార్మినార్ దగ్గర గాజుల కొట్టు నడిపే మనిషి, మామగారి చుట్టాలంతా తమ కులంవాడే అనుకున్న మనిషి, పెరుగన్నం కలుపుకుంటూ ఆ మాట చెప్పాడు.

తల్లి సుగుణ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

"మరి నీ అమ్మానాయినలు షావుకార్లు, చిన్నప్పుడే పోయిండ్రని చెప్తివి?"

"గట్ల చెప్పకపోతే మీ నాయిన నిన్ను నాకిస్తుండెనా?"

ఆ ఇంట్లో అంత లొల్లి ఎన్నడూ కాలేదు. సుగుణ ఏడ్చింది. కీర్తిప్రియకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పుట్టినప్పటి నుంచి పక్కన కూర్చోబెట్టుకుని తినిపించిన మనిషి, తానెవరో తన బిడ్డకే దాచాడు. ఇప్పుడు అవసరం పడేసరికి, పెట్టెలోంచి నగ తీసినట్టు తీశాడు.

"నాకొద్దు బాపూ," అంది. "అడవిల ఉన్న పిల్లలకు రావాల్సిన సీటు. గాజుల కొట్టు పిల్లకెందుకు?"

"అడవిల పుట్టింది నేను గాదా? పస్తులున్నది నేను గాదా?"

 వద్దంటే కీర్తిప్రియకు డాక్టర్ చదువు పోతుంది. కావాలంటే మనసు ఒప్పదు. కొన్నాళ్ళు కొట్టుమిట్టాడి, చివరికి ఆశే గెలిచింది. సిగ్గుపడుతూనే దరఖాస్తు మీద సంతకం పెట్టింది.

విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ లాల్‌దర్వాజాలోని ఇంటికి వచ్చాడు.

"మీ వాళ్ళెవరన్నా ఉన్నారా?"

"అందరు పోయిండ్రు సార్. నల్లమలల మా గూడెమే ఖాళీ అయింది," అన్నాడు ప్రహ్లాద్. "మా దిక్కు ముసలామె కాశమ్మ, గుడి కాడ మోదుగాకు విస్తర్లు అమ్ముతది. నేనెవరో ఆమెకెర్కే."

అందరూ గుడి దగ్గరికి నడిచారు. విస్తర్లు కుడుతున్న కాశమ్మ వీళ్ళను చూసి లేచి నిలబడింది.

"అవ్వా, ఈయన మీ చెంచుల మనిషేనా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె ప్రహ్లాద్‌ను చూసింది. అతని వెనుక నిలబడ్డ సుగుణను చూసింది.

"తెల్వదు సారూ."

"మంచిగ చూసి చెప్పు. ఈ పిల్ల చదువు నీ మాట మీదనే ఉంది."

కాశమ్మ కీర్తిప్రియ వైపు చాలాసేపు చూసింది. 

"గాజుల సేటు గదా. గంతే ఎర్క."

ప్రహ్లాద్ ఏదో చెప్పబోయాడు. భార్య ముఖం చూసి మింగేశాడు. సాక్ష్యం లేదని రాసుకుని ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాడు.

కీర్తిప్రియకు ఇక కోపం ఆగలేదు. "ఒక్క మాట చెప్తే నీదేం పోతుండె అవ్వా? నా బతుకు ఆగం చేసినవ్," అంటూ విస్తర్ల కట్టను కాలితో తోసేసింది.

ముసలామె వంగి, చెదిరిన విస్తర్లు ఏరుకుంది.

కోపం దిగాక, బతిమాలి చూద్దామని మర్నాడు తండ్రిని వెంటబెట్టుకుని వెళ్ళింది. కాశమ్మ చోటు ఖాళీగా ఉంది.

"పొద్దుగాల్నే మూట సదురుకొని పోయింది," అంది పక్కన పూలమ్మే ఆమె. "ఇగ రానన్నది. ఏడికి పోతున్నవంటే చెప్పలే."

"చూసినవా బాపూ, మన మనిషై ఉండి ఎంత మోసం చేసిందో," అంది కీర్తిప్రియ.

ప్రహ్లాద్ ఆ ఖాళీ చోట కూలబడ్డాడు.

"మోసం ఆమెది గాదు బిడ్డా. పెండ్లికి ముందు ఇదే గుడి గడప మీద చెయ్యి పెట్టించి, నేను చెంచోన్నని, తన కొడుకునని సచ్చేదాక ఎవరికీ చెప్పొద్దని, మా అమ్మతోని ఒట్టేయించుకున్న."