నాలుగో గడి

“నా మనసు తెలుసుకునే కాయితమన్నావుగా. ఏం రాసేవో చూడనీ,” అంది రిటైర్డు టీచరు సువార్తమ్మ.

ఆమె కొబ్బరితోటను గ్యాస్ కంపెనీ తరఫున అడగడానికొచ్చిన హారిక చెయ్యి అడ్డం పెట్టేలోపే, టీచరు ఆ నాలుగు గళ్ళ కాగితం లాక్కుని నాలుగో గడి చదివేసింది.

“భయం: తోటలో మొగుడి సమాధి. అక్కడ నొక్కితే దిగొస్తుంది.”

టీచరు కాగితం తిరగేసి తనూ నాలుగు గళ్ళు గీసింది.

“ఇప్పుడు నీది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నావు. నా సంతకం లేకుండా వెళితే ఉద్యోగం ఉండదు. అవునా?”

“ఆయ్, అవునండీ.” హారిక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతగా అర్థం చేసుకున్న మనిషి కాదనదనిపించి, ఒప్పందం కాగితాలు ముందుకు జరిపింది.

టీచరు పెన్నుకి మూతపెట్టి ఆమె చేతిలో పెట్టింది.

“నువ్వు నన్నెలా అర్థం చేసుకున్నావో, నేనూ నిన్నలాగే అర్థం చేసుకున్నానమ్మా. వెళ్ళిరా.”