నాలుగు చక్రాల సవతి

లైసెన్సు వచ్చిన వారానికే మా ఆయన కొన్న మొదటి కారు ఎర్రటిది. పెళ్లయి పాతికేళ్లయినా దాని కబుర్లే. హారన్ ఎలా మోగేదో నోటితో మోగించి మరీ చూపిస్తారు. నన్నెప్పుడైనా అంత మురిపెంగా తలుచుకున్నారా? ఒళ్లు మండిపోయేది.

మొన్న ఆ కారు ఇంకా ఉందని తెలిసిందట. చూసొద్దామన్నారు.

"ఇప్పుడెవరి దగ్గరుందండీ?"

"నాకేం తెలుసు? బ్రోకర్ అడ్రసిచ్చాడు."

వెళ్లాం. షెడ్డులో కారు కనబడగానే ఆయన కళ్లు చెమర్చాయి. బానెట్‌ను చంటిపిల్లను నిమిరినట్టు నిమిరారు. నేను మొహం తిప్పుకున్నాను.

ఇంట్లోంచి ఒకావిడ తాళంచెవితో వచ్చింది. ఆయన్ని చూసి ఆగిపోయింది.

"ఇన్నాళ్లకు వచ్చావా? సీటు నువ్వు వదిలినట్టే ఉంచాను."

కారు మీద నాకున్న కుళ్లంతా ఆ క్షణంలోనే పోయింది.