నాలుగో కంప్యూటర్

“వెంకయ్య ఆస్పత్రిలో ఉంటే ఈ నక్షత్రం ఎవరు పెట్టినారు?”

యజమాని గంగులయ్య అడిగిన తీరుకు, గుమ్మడికాయ దొంగలా ఉష భుజాలు తడుముకుంది.

“నేను ఇప్పుడే గదా సార్ వచ్చింది.”

చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే రొయ్యపిల్లల హేచరీ అది. పాత యజమాని దగ్గర తొట్లు, మోటార్లు, కంప్యూటర్లు అన్నీ కలిపి కొన్నాడు గంగులయ్య. వాటితోపాటు మెయిలు అడ్రసూ వచ్చింది.

ఆఫీసులో మూడు కంప్యూటర్లు. ఒకటి గంగులయ్యది, ఒకటి ఆర్డర్లు చూసే ఉషది, ఒకటి పాత యజమాని కాలం నుంచి లెక్కలు రాస్తున్న వెంకయ్యది. మూడింటికీ మెయిలు మాత్రం ఒక్కటే. ఒకరు తెరిచిన మెయిలు మిగతా ఇద్దరికీ పాతబడిపోతుంది. అందుకే తొందర పనికి పసుపు నక్షత్రం పెట్టడం అక్కడి పద్ధతి.

ఉష వచ్చేసరికి రోజూ నక్షత్రాలు పెట్టే ఉండేవి. స్పామ్‌లో పడిన ఆర్డర్లు కూడా ఎవరో ఏరి ఇవతల పెట్టేవారు. అమ్మ అన్నం కలిపి కంచం ముందు పెట్టినట్టుండేది ఆమెకు. వెంకయ్యే చేస్తున్నాడనుకుంది.

ఇప్పుడు వెంకయ్య కంటి ఆపరేషనుకు నెల్లూరు వెళ్ళాడు. ఆయన కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. నక్షత్రాలు మాత్రం ఆగలేదు.

గంగులయ్య తెర మీద అదీ ఇదీ నొక్కి చూశాడు.

“మెయిలు నాలుగు కంప్యూటర్లలో తెరిచుందంట. మనవి మూడే గదా. నాలుగోది యాడిది?”

ఉష గదిలోని కంప్యూటర్లను మళ్ళీ లెక్కపెట్టింది.

“మన రేట్లన్నీ ఎవుడో పక్క హేచరీకి మోస్తావున్నాడు. పాస్‌వర్డ్ మార్చెయ్.”

ఉష మార్చింది. నాలుగో కంప్యూటర్ జాబితాలోంచి పోయింది. దొంగను పట్టినంత సంతోషం కలిగింది ఆమెకు.

మర్నాడు మధ్యాహ్నం ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎండకు ముఖం కమిలిపోయి ఉంది. చేతిలో గుడ్డల సంచి.

“అమ్మా, మెయిలు పాస్‌వర్డ్ మార్చినారా?”

ఉష చటుక్కున లేచింది.

“ఆ నాలుగో కంప్యూటర్ నీదేనా?”

“నాదేనమ్మా. పులికాట్ గట్టు మీద పల్లె మాది. కరుణాకుమారి అంటారు.”

“మా మెయిలు నువ్వెందుకు చూస్తావుండావు?”

‘మా మెయిలు’ అన్న మాటకు ఆవిడ ఒక్క క్షణం తలెత్తి చూసింది. మళ్ళీ దించుకుంది.

“మా తమ్ముడు రాస్తాడేమోనని. అలిగి ఓడ పనికి పోయినాడు. ఏండ్లయింది. రాస్తే దీనికే రాస్తాడు.”

“రాసేదానికి మా అడ్రసే దొరికిందా మీ తమ్ముడికి?”

“అట్టనుకోబాకమ్మా. ఇల్లు ఖాళీ చేసి తడ అవతలికి పనికి పోతావుండా. ఒక్కసారి చూసుకొని పోతా.”

“సార్ లేరు. కుదరదు.”

ఆవిడ బతిమాలలేదు. ఉష ముందున్న తెర వైపు చూసింది. తలుపు సందులోంచి పసిబిడ్డను చూసుకున్నట్టు చూసింది.

“సరేలేమ్మా. ఇన్ని ఊర్ల రైతులు దానికే రాస్తావుండారు. మీదే అది.” రెండడుగులు వేసి ఆగింది. “స్పామ్ చూస్తావుండమ్మా. మంచియి గూడా దాంట్లో పడిపోతాయి.”

ఆమె ఫోను నంబరు ఉష అడగలేదు.

ఆ తర్వాత పొద్దున్నే మెయిలు తెరిస్తే ఒక్క నక్షత్రమూ ఉండేది కాదు. ఎవరూ లేని ఇంట్లోకి తాళం తీసుకుని వచ్చినట్టుండేది ఉషకు. ఎందుకు దిగులో ఆమెకే తెలియలేదు.

ఒకరోజు ఎవరో రైతు ఫోన్లో మండిపడ్డాడు.

“చెరువుకు నీళ్ళు పెట్టుకొని కూర్చోనుండా. ఆర్డరు రాసి వారమైంది. రొయ్యపిల్ల యాడమ్మా?”

ఉష స్పామ్ తెరిచింది. రైతు ఆర్డరు అక్కడే ఉంది. దాని కింద ఇంకొకటి ఉంది.

“అక్కా, ఉండావా? నేను యెహోషువను. కోపం పోయిందక్కా. నీ గొంతు వినాలనుంది. నంబరు పంపు.”

ఉష ఆ మెయిలు రెండోసారి చదివింది.

స్కూటీ తీసి పులికాట్ గట్టుకు పరుగున పోయింది. కరుణాకుమారి ఇంటికి తాళం వేసి ఉంది. ఎక్కడికి పోయిందంటే తడ అవతలికన్నారు. అవతల ఎక్కడంటే ఎవరికీ తెలియదు. పక్కింటివాళ్ళ దగ్గర ఉన్న ఒక్క నంబరుకు చేస్తే వాడుకలో లేదని వచ్చింది.

తిరిగొచ్చేసరికి వెంకయ్య నల్లద్దాలతో తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉష జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే ఏడుపు ఆగలేదు.

“ఆమెను నేనే తరిమేసినానన్నా. తమ్ముడికేమో ఏం రాసేదో తెలీడం లేదు. అయినా, ఆఫీసు మెయిలును తమ్ముడికి ఎందుకిచ్చినట్టు ఆమె?”

వెంకయ్య అద్దాలు తీశాడు. నీళ్ళు కారుతున్న కళ్ళు తుడుచుకుని, ఉష కుర్చీ వైపు చూశాడు.

“ఆ కుర్చీలో నీకంటే ముందు కూర్చున్నది కరుణమ్మే. హేచరీ పెట్టిన కొత్తల్లో పాత సారుకు మెయిలే లేదు. ఆఫీసు మెయిలును తమ్ముడికి ఇయ్యలేదుమా ఆయమ్మ, తమ్ముడి కోసం పెట్టుకున్న మెయిలునే ఆఫీసుకు ఇచ్చింది.”