మావారి తుపాకీ

తుపాకుల చట్టం బిగించారని వార్త వచ్చినప్పటి నుంచి మావారు ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఇకపై భార్య సంతకం లేనిదే లైసెన్సు కొనసాగదట.

"నా తుపాకీ, నా హక్కు. మధ్యలో నీ సంతకమేంటే?" అన్నారు ఫారం నా ముందు పడేసి.

చదివాను. "మీవారికి కోపం ఎక్కువా అని అడిగారండీ. ఏం రాయమంటారు?"

ఆయన చల్లబడ్డారు. వెళ్లి అంట్లు ముందేసుకున్నారు.

"అది కాదే," అన్నారు కుక్కర్ తోముతూ, "తుపాకీ ఉందన్న ధైర్యంతోనే కదా ఇన్నేళ్లూ కంటినిండా నిద్రపోయాం. అది లేకపోతే దొంగలకు మనమంటే లెక్కుంటుందా?"

"నిజమేనండీ. అడుగున ఇంకా నలుపుంది, గట్టిగా తోమండి."

తుపాకీ పెట్టె తాళంచెవి ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉండాలన్నది పాత చట్టం. అందుకని అది మొదటి నుంచీ నా దగ్గరే ఉంది. ఆయన ఒక్కసారీ అడగలేదు. పెట్టెలో ఇప్పుడున్నది, బరువు కోసం నేను పెట్టిన పాత ఇస్త్రీపెట్టె.

ఎనిమిదేళ్ల కిందట, తుపాకీ తెచ్చి అప్పగిస్తే ఎవరిదని అడగకుండా కుక్కర్ ఇస్తామని పోలీసు స్టేషన్లో ప్రకటించారు. ఆయన ఇప్పుడు తళతళలాడేలా తోముతున్నది దాన్నే.